పంపింది సరే... చేరిందా?

కోనసీమలో కొబ్బరికాయల బేరం వెయ్యి కాయల లెక్కన సాగుతుంది. ధాన్యం సంగతి అలా కాదు, తూకమే ఆధారం. సార్వా అయినా దాళ్వా అయినా, అమలాపురమైనా రాజోలైనా కొత్తపేటైనా లారీ వేబ్రిడ్జి ఎక్కాల్సిందే. బరువు లోపల కంప్యూటర్‌లో పడుతుంది. బయట నిలబడ్డ రైతుకు కనిపించేది మాత్రం గోడ మీది ఎర్ర అంకెల బోర్డే. మరి ఆ అంకె తన బండిదేనా?

కొన్ని కాటాల దగ్గర ఆ బోర్డుకు అంకెలు పంపేది కంప్యూటరే. దారి సీరియల్ పోర్టు. దీని వెనకున్న ఆర్‌ఎస్-232 ప్రమాణం 1960 నాటిది. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు ఆ తొమ్మిది పిన్నుల సాకెట్ లేకపోయినా, యూఎస్‌బీకి తగిలించే కన్వర్టర్ వైరుతో పని నడుస్తుంది.

ప్రోగ్రామ్ పోర్టును నేరుగా తాకదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడుగుతుంది. చిత్రమేమిటంటే పోర్టును కూడా ఫైలులాగే తెరవాలి! విండోస్‌లో కామ్1 అని పేరిచ్చి క్రియేట్‌ఫైల్‌తో తెరిచి, రైట్‌ఫైల్‌తో రాస్తారు. లినక్స్‌లో ఓపెన్, రైట్ సరిపోతాయి. అయితే రాసేముందు వేగం కుదుర్చుకోవాలి. వేగం 9600 అనుకుంటే, ఒక్కో అక్షరానికి మొదలూ చివరా గుర్తులతో కలిపి సాధారణంగా 10 బిట్లు, అంటే సెకనుకు 960 అక్షరాలు. బోర్డు 4800లో ఉంటే పిచ్చి అంకెలు వస్తాయి. ఇది మంచి తప్పే, ఎందుకంటే అందరికీ కనిపిస్తుంది.

కనిపించని తప్పు వేరే ఉంది. రైట్ పిలుపు 'ఎనిమిది బైట్లు రాశాను' అని జవాబిస్తుంది. ప్రోగ్రామ్ రాసేవాళ్లు చాలామంది అక్కడితో నిశ్చింతగా ఉంటారు. నిజానికి ఆ మాటకు అర్థం, బైట్లు ఆపరేటింగ్ సిస్టమ్ బఫర్‌లో పడ్డాయనే. ఉత్తరం పోస్టు డబ్బాలో వేశాం, అంతే. లినక్స్‌లో టీసీడ్రెయిన్, విండోస్‌లో ఫ్లష్‌ఫైల్‌బఫర్స్ పిలిస్తే బైట్లు బయటికి వెళ్లేదాకా ఆగుతాయి. వెళ్లాక ఎవరైనా అందుకున్నారా అన్నది వాటికీ తెలియదు. హ్యాండ్‌షేక్ పెట్టకపోతే, బోర్డు దగ్గర వైరు ఊడిపోయినా జవాబు 'విజయమే'! చివరి అంకెను పట్టుకుని ఉండే రకం బోర్డయితే ముందు లారీ బరువే వెలుగుతూ ఉంటుంది.

హ్యాండ్‌షేక్ పెడితే మరో చిక్కు. బోర్డు ఆపేసి ఉంటే రైట్ కదలకుండా కూర్చోవచ్చు, వెనక లారీలు బారులు తీరతాయి. అందుకే గడువు పెట్టాలి. విండోస్‌లో దానికి సెట్‌కామ్‌టైమౌట్స్ ఉంది.

అసలు మందు ఒకటే: బోర్డు తిరిగి జవాబివ్వాలి, ప్రోగ్రామ్ దాన్ని చదవాలి. జవాబు రాకపోతే తూకం చీటీ ముద్రించకూడదు. జవాబివ్వలేని చౌక బోర్డులైతే, సెకనుకు నాలుగైదుసార్లు బరువు పంపుతూ, రెండు సెకన్లు ఏమీ రాకపోతే బోర్డే ఆరిపోయేలా అమర్చుకోవాలి. ఇది ప్రోగ్రామ్ ఒక్కటే చేయగలిగింది కాదు, బోర్డు చేసినవాళ్లూ కలిసిరావాలి.

రైతు చేతిలోనూ ఒక పరీక్ష ఉంది. ముందు బండి దిగిపోయాక, తన బండి ఎక్కకముందు, ఖాళీ కాటాకు బోర్డు మీద సున్నా పడిందా లేదా చూసుకోవాలి. పాత అంకె అలాగే ఉంటే బండిని కిందే ఆపి, లోపలున్న వారిని వైరు చూడమని అడగవచ్చు.