తేదీ ఉన్న కబురు

బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మళ్లీ తెరుస్తారట అన్న కబురు అక్కడి శక్కర్‌నగర్ ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. 1937లో పుట్టి, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదనిపించుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. పునరుద్ధరణ కోసం ప్రభుత్వం కమిటీ వేసింది 2024 జనవరిలో. నడుమ ఎనిమిదేళ్లు. వాట్సాప్‌లో మాత్రం పాతదీ కొత్తదీ ఒకే పొద్దున దిగుతాయి. ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఉండదు. చెరకు వేయాలా, వరికే పోవాలా అని చూసే రైతుకు ఆ తేదీయే కావాలి.

దీనికి ఉపాయం ఎప్పుడో ఉంది. 1999లో నెట్‌స్కేప్ తెచ్చిన ఆర్‌ఎస్‌ఎస్, వాడుకలో ఫీడ్. వెబ్‌సైటు తన కొత్త రాతల శీర్షికలు, లంకెలు, తేదీలు ఒక చిన్న ఫైల్లో పేర్చి ఉంచుతుంది. మన ఫీడ్ రీడర్ ఆ ఫైలును మాటిమాటికీ చూసి కొత్తవి తెచ్చిపెడుతుంది. పత్రికకు చందా కట్టినట్టే, కాకపోతే మన చిరునామా ఆ సైటుకు ఇవ్వనక్కర్లేదు. ఫీడ్ అబద్ధాన్ని నిజం చేయదు. ఎవరి మాటో, ఎప్పటిదో చెబుతుంది. అంతే, అదే చాలు.

తెలుగువాళ్లకిది కొత్తేమీ కాదు. తెలుగు బ్లాగులను ఒకచోట చూపిన సైట్లు, అంటే వీవెన్ కట్టిన కూడలి, అలాగే జల్లెడ, హారం, మాలిక, ఆ బ్లాగుల ఫీడ్‌ల మీదే నడిచాయి. పేరుమోసిన రచయితా, నిన్న మొదలుపెట్టిన కుర్రాడూ పక్కపక్కనే కనిపించేవారు. వరస తేల్చింది గడియారమే, లైకులు కావు. ఫేస్‌బుక్‌లో ఆ మర్యాద లేదు. అక్కడ మనమేం చదవాలో ఇంకెవరో తేలుస్తారు. 2013 జులై 1న గూగుల్ తన రీడర్‌ను మూసేస్తే ఫీడ్ పనైపోయిందన్నారు. పోలేదు. పాడ్‌కాస్టులు ఇవాళ్టికీ దాని మీదే బతుకుతున్నాయి.

ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి రీడర్‌లో సైటు చిరునామా ఇస్తే చాలు, ఫీడ్ ఉంటే అదే పట్టుకుంటుంది. కష్టం పాఠకుడి దగ్గర లేదు, రాసే మన దగ్గరుంది. ఇందూరు (నిజామాబాద్) కవులు కొందరు మంచి కవితను ఫేస్‌బుక్‌లో పెట్టి వదిలేస్తున్నారు. ఆర్నెల్లకు వెతికితే రాసినవాళ్లకే దొరకదు. బ్లాగ్‌స్పాట్‌లో పైసా ఖర్చు లేకుండా పెట్టుకోవచ్చు, ఫీడ్ దానంతటదే వస్తుంది. వెబ్ పత్రికల సంపాదకులారా, కొత్త హంగులు దిద్దేటప్పుడు ఫీడ్‌ను తీసేయకండి. కవులారా, ముందు మీ సొంత చోట ప్రచురించండి, ఆ తర్వాత ఫేస్‌బుక్‌లో పంచుకోండి.