‘బార్డర్‌లోనే ఉంది’ అని ఊరుకోకండి

ల్యాబు నుంచి రిపోర్టు వస్తుంది. పరగడుపు షుగరు 118. పక్కనే ‘హెచ్’ అని ఒక అక్షరం. “ఏం లేదు, బార్డర్‌లో ఉందంతే” అనుకుని కాగితం మడిచి క్యాలెండర్ వెనక దోపేస్తాం. మళ్లీ ఏ కాలి పుండో మానకపోతే తప్ప దాని ఊసే ఎత్తం. దయచేసి ఆ కాగితం ఇవాళే బయటికి తీయండి.

పరగడుపున 100 లోపు ఉంటే ఫర్వాలేదు. 100 నుంచి 125 దాకా మధుమేహానికి ముందు దశ. 126, ఆపైన వస్తే మధుమేహం కిందే లెక్క. లక్షణాలేవీ లేకపోతే ఇంకోసారి పరీక్ష చేయించి ఖాయం చేసుకోవాలి. పరగడుపు అంటే కనీసం 8 గంటలు మంచినీళ్లు తప్ప ఇంకేమీ ముట్టకపోవడం. ‘ఒక్క గుక్క టీయే కదా’ అని తాగి వెళితే ఆ అంకెను నమ్మలేం.

ఆ ఒక్క అంకె బాగుందని నిశ్చింతగానూ ఉండకండి. కొందరికి పొద్దున మామూలుగానే ఉండి, అన్నం తిన్నాక ఎగబాకుతుంది. పరీక్షకు రెండు రోజుల ముందు నుంచి అన్నం తగ్గించి, స్వీట్లు మానేసి వెళ్లేవాళ్లు మనలో ఎంతమంది! ల్యాబును మోసం చేయవచ్చు, కళ్లను, మూత్రపిండాలను మోసం చేయలేం. అందుకే ‘మూడు నెలల షుగరు’ అని మనం పిలుచుకునే హెచ్‌బీఏ1సీ పరీక్ష కూడా చేయించుకోండి. 5.7 నుంచి 6.4 దాకా ముందు దశ, 6.5, ఆపైన వస్తే మధుమేహం. రక్తహీనత ఉన్నవాళ్లలో ఈ లెక్క తప్పే వీలుంది. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఆ ఇబ్బంది ఎక్కువ కాబట్టి డాక్టరుకు ఆ సంగతి ముందే చెప్పండి.

విపరీతమైన దాహం, రాత్రి నాలుగైదుసార్లు మూత్రానికి లేవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, పాదాలకు తిమ్మిర్లు, చూపు మసకబారడం... వీటిలో ఏది కనిపించినా వయసు మీద పడుతోందని సరిపెట్టుకోవద్దు. షుగరు ఎక్కువున్న మనిషి వాంతులు చేసుకుంటూ, ఆయాసపడుతూ మగతగా ఉంటే తెల్లారేదాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

పక్కింటాయన మాత్రలు మీరు వేసుకోవద్దు. అంకె దిగింది కదా అని మీ మాత్రలు మీరే ఆపేయనూ వద్దు. మందు వాడేవాళ్లకు చెమటలు పట్టి చేతులు వణికితే షుగరు 70 లోపు పడిపోయి ఉండవచ్చు. తెలివిలో ఉంటే చక్కెర నీళ్లు తాగించండి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏదీ పోయకండి.

దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉందని, 13 కోట్లకు పైగా ముందు దశలో ఉన్నారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం లెక్క తేల్చింది. ఆ 13 కోట్ల మందిలో చాలామందికి దారి ఇంకా మూసుకుపోలేదు. రోజూ అరగంట చురుగ్గా నడిచి, కాస్త బరువు తగ్గించి, కంచంలో అన్నం తగ్గించి కూర, పప్పు పెంచితే జబ్బును ఆపవచ్చు, కనీసం ఏళ్ల తరబడి వెనక్కి నెట్టవచ్చు.

ముప్పై దాటిన వారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు పరీక్ష ఉచితం. క్యాలెండర్ వెనక ఉన్న ఆ కాగితం పట్టుకుని, ఇంట్లోవాళ్లను కూడా వెంటబెట్టుకుని, ఈ వారంలోనే వెళ్లిరండి.