పొరపాటుకు పలికే వెల

లోకంలో తప్పుకు సాధారణంగా దక్కేది శిక్షే. లెక్క తప్పిన విద్యార్థికి మార్కులు తగ్గుతాయి. కొలత తప్పిన వడ్రంగికి చెక్క దండుగవుతుంది. అచ్చుతప్పులు మలిచిన పుస్తకాన్ని పాఠకుడు విసుగుతో పక్కన పెడతాడు. కాని తపాలా బిళ్ళల విషయంలోనూ, నాణేల విషయంలోనూ ఈ న్యాయం తారుమారవుతుంది. సక్రమంగా అచ్చయిన తపాలా బిళ్ళ దానిపై రాసి ఉన్న వెలకు మాత్రమే చెల్లుతుంది. బొమ్మ తలకిందులైన బిళ్ళకు ఒక్కొక్కసారి లక్షలు, కోట్లు పలుకుతాయి. తప్పుకు ఇంత గౌరవమేమిటని ఎవరికైనా అనుమానం కలగడం సహజం. ఆలోచించి చూస్తే ఆ వెల తప్పుకు కట్టినది కాదు. ఆ తప్పును అంత అరుదుగా మిగిల్చిన నిర్దుష్టమైన శ్రమకు కట్టినది. ఈ సంగతి తెలియకపోవడం వల్లనే కొందరు ఆశకు పోయి మోసపోతున్నారు.

మన దేశంలోనే ఇందుకు తొలి ఉదాహరణ ఉంది. 1854లో కలకత్తాలోని సర్వే కార్యాలయంలో కెప్టెన్ థుయిలియర్ పర్యవేక్షణలో నాలుగు అణాల తపాలా బిళ్ళను రాతి అచ్చు పద్ధతిలో ముద్రించారు. దానికి రెండు రంగులు. ఎర్రని చట్రం ఒకసారి, విక్టోరియా రాణి నీలిరంగు శిరస్సు మరొకసారి అచ్చు వేయాలి. అంటే ప్రతి కాగితమూ యంత్రం కిందికి రెండుసార్లు వెళ్ళాలి. ఆ రెండింటిలో ఒకసారి కాగితాన్ని తిప్పి పెట్టడంతో కొన్ని బిళ్ళల మీద రాణి శిరస్సు తలకిందులైంది. వాటిని కొన్నవారు ఆ సంగతి గమనించకుండానే ఉత్తరాలకు అతికించి పంపారు. ఇరవై సంవత్సరాల తరువాత గాని సేకర్తల దృష్టి వాటిపై పడలేదు. నేడు లోకానికి తెలిసిన ప్రతులు ముప్పైకి మించవు. ప్రపంచంలో అత్యంత అరుదైన తపాలా బిళ్ళలలో అవి కూడా చేరాయి.

అమెరికాలో 1918 మే నెలలో ఇటువంటిదే మరొకటి జరిగింది. విమానపు తపాలా కోసం ఇరవై నాలుగు సెంట్ల బిళ్ళ వెలువడింది. వాషింగ్టన్ నగరంలో విలియం రోబీ అనే సేకర్త ఇరవై నాలుగు డాలర్లు చెల్లించి నూరు బిళ్ళలున్న ఒక షీటు కొన్నాడు. చూడగా ప్రతి బిళ్ళలోనూ విమానం తలకిందులుగా ఎగురుతోంది! కొద్ది రోజులకే ఆయన ఆ షీటును పదిహేను వేల డాలర్లకు అమ్మాడు. వాటిలోని ఒకే ఒక్క బిళ్ళ 2023లో జరిగిన వేలంలో ఇరవై లక్షల డాలర్లకు పైగా పలికింది. బయటికి వచ్చినది ఆ ఒక్క షీటే. అటువంటి షీట్లు ఊరూరా దొరికి ఉంటే రోబీకి తన ఇరవై నాలుగు డాలర్లకు మించి దక్కేది కాదు.

ఈ మాట ఊహ కాదనడానికి చరిత్రలో సాక్ష్యం ఉంది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసి, 1961లో విమాన ప్రమాదంలో మరణించిన డాగ్ హామర్‌షోల్డ్ స్మారకంగా 1962లో అమెరికా ఒక తపాలా బిళ్ళ విడుదల చేసింది. కొన్ని షీట్లలో పసుపుపచ్చ రంగు తలకిందులుగా పడింది. అటువంటి యాభై బిళ్ళల షీటు లియోనార్డ్ షెర్మన్ అనే వర్తకుడికి దొరికింది. తమ శాఖ చేసిన పొరపాటు కొందరికి నిధి కారాదని తలచిన తపాలా మంత్రి, అదే తప్పుతో మరికొన్ని కోట్ల బిళ్ళలను కావాలని అచ్చు వేయించాడు. షెర్మన్ న్యాయస్థానాన్ని ఆశ్రయించినా అప్పటికే జరగవలసింది జరిగిపోయింది. ఆ బిళ్ళలు సుమారు నాలుగు కోట్ల మేరకు ప్రజలకు అందాయి. వాటి వెల తిరిగి ముఖవిలువకు పడిపోయింది. రెండింటి మీదా ఉన్నది ఒకే తప్పు. తెలియక జరిగి అరుదుగా మిగిలినప్పుడు అది అపురూపం. తెలిసి కోట్ల కొద్దీ చేసినప్పుడు అది వట్టి కాగితం.

తపాలా బిళ్ళకు వర్తించే ఈ న్యాయమే నాణేనికీ వర్తిస్తుంది. నాణేల విషయానికి వస్తే మనం కలకత్తాకో వాషింగ్టన్‌కో వెళ్ళనక్కరలేదు. హైదరాబాదుకు తూర్పున, ఉప్పల్, నాచారం ప్రాంతాలకు చేరువలో ఉన్న చర్లపల్లి చాలు. చర్లపల్లి అనగానే చాలామందికి కేంద్ర కారాగారమో, పారిశ్రామికవాడో, 2025లో ప్రారంభమైన రైల్వే టెర్మినలో గుర్తుకు వస్తుంది. కాని మన జేబులోని చిల్లరలో కొంత భాగం పుట్టినిల్లు కూడా ఆ ఊరే. భారత ప్రభుత్వపు నాలుగు టంకశాలల్లో ఒకటి అక్కడ ఉంది. సికందర్ జా పాలనలో 1803లో నెలకొన్న హైదరాబాదు టంకశాలకు 1895లో ఐరోపా తరహా యంత్రాలు వచ్చాయి. 1903లో అది సైఫాబాదుకు మారింది. 1950లో కేంద్రప్రభుత్వ అధీనంలోకి వెళ్ళింది. 1997లో చర్లపల్లికి తరలింది. నాణెం మీద సంవత్సరం అంకెల కింద ఐదు కోణాల చిన్న నక్షత్రం కనిపిస్తే అది హైదరాబాదు టంకశాల గుర్తు. చుక్క ఉంటే నోయిడాది, వజ్రాకారం ఉంటే ముంబయిది, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతాది.

నాణెం తయారీ పైకి సులువుగా కనిపించినా ఎన్నో దశలు గల పని. లోహపు రేకుల నుండి గుండ్రని బిళ్ళలను కత్తిరించాలి. వాటి అంచులను లేపాలి. కొలిమిలో కాల్చి మెత్తపరచాలి. ఆపైన రెండు అచ్చుల నడుమ ఉంచి గొప్ప ఒత్తిడితో ముద్ర వేయాలి. వీటిలో ఏ దశ తప్పినా నాణెం వికృతమవుతుంది. బిళ్ళ పక్కకు జరిగితే బొమ్మలో సగమే పడుతుంది. అచ్చు తిరిగిపోతే ఒక ముఖం నిలువుగా, మరొకటి వాలుగా నిలుస్తుంది. ముద్ర పడిన నాణెం అచ్చుకే అతుక్కుపోతే, తరువాతి బిళ్ళకు ఒక ముఖాన సరైన బొమ్మ, రెండవ ముఖాన అదే బొమ్మ అద్దంలో ప్రతిబింబంలా లోపలికి దిగబడి కనిపిస్తుంది. లక్షకు ఒకటి దొరుకుతుందన్న భావంతో మన దేశపు సేకర్తలు దీనిని ‘లఖీ’ అంటారు. ఆ పేరులోనే విషయమంతా ఉంది. మిగిలిన తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది నాణేలు సక్రమంగా ఉన్నందువల్లనే ఆ ఒక్కటీ లఖీ అయింది.

దీనిని హైదరాబాదు నాణేల చరిత్రే మరొక విధంగా నిరూపిస్తుంది. యంత్రాలు రాకముందు నిజాం రాజ్యంలో నాణేలను సుత్తితో కొట్టి తయారుచేసేవారు. అచ్చు పెద్దది, లోహపు బిళ్ళ చిన్నది. అందువల్ల అక్షరాలలో కొన్ని పడేవి, కొన్ని అంచు దాటిపోయేవి. ఆ నాణేలలో ఏ ఒక్కటీ మరొకదానిని పోలి ఉండదు. అయినప్పటికీ అక్షరం సగమే పడిందని సేకర్త వాటికి ఎక్కువ వెల ఇవ్వడు. పైగా అక్షరాలు పూర్తిగా కనిపించే నాణేన్నే కోరుకుంటాడు. యంత్రాలు వచ్చి, మహబూబ్ అలీఖాన్ కాలంలో చార్మినార్ బొమ్మ గల రూపాయలు ఒకే తీరుగా వెలువడిన తరువాతనే పక్కకు జరిగిన ముద్ర ఒక విశేషమైంది. అంతా వంకరగా ఉన్నచోట వంకరకు విలువ లేదు.

ఇక ఆశ సంగతి. కొంతకాలంగా పాత నాణేలకు లక్షలు ఇస్తామనే ప్రకటనలు ప్రజలను ఊరిస్తున్నాయి. వైష్ణోదేవి బొమ్మ గల 2012 నాటి ఐదు, పది రూపాయల నాణేలు ఉంటే చాలు, అదృష్టం పండినట్లేనని ప్రచారం సాగింది. విరివిగా చలామణి కోసం ముద్రించిన నాణేనికి లక్షలు ఎవరిస్తారు, ఎందుకిస్తారు అని క్షణం ఆలోచిస్తే ఆ మాటలోని డొల్లతనం తెలిసిపోతుంది. కాని ఆశ ఆలోచనను ముందుకు రానివ్వదు. కొనుగోలుదారు వేషంలో వచ్చినవాడు ముందుగా రుసుమని, పన్నని, కమీషనని వసూలు చేసుకొని కనుమరుగవుతాడు. తన పేరు వాడుకొని ఇటువంటి వసూళ్ళు జరుగుతున్నాయని, తాను పాత నోట్లు, నాణేల వ్యాపారం చేయనని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని భారతీయ రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించవలసి వచ్చింది. అమ్మేవాడు కొనేవాడికి ఎదురు డబ్బు కట్టడం ఏ సంతలోనూ లేని ఆచారం. ఈ ఒక్క మాట గుర్తుంచుకొంటే ఎన్నో కుటుంబాల కష్టార్జితం నిలుస్తుంది.

కొందరు నాణేన్ని రాపిడి చేసి, సాగదీసి, కృత్రిమంగా తప్పు పుట్టించి అమ్మజూస్తారు. ఇది రెండు విధాల దోషం. నాణేలను కరిగించడాన్ని, ధ్వంసం చేయడాన్ని 2011 నాటి నాణేల చట్టం నిషేధించింది. అంతేకాక, టంకశాల గడప దాటిన తరువాత నాణేనికి జరిగిన గాయం గాయమే గాని ముద్రణ దోషం కాదు. యంత్రంలో జరిగిన తప్పుకు ఒక కారణం ఉంటుంది. ఆ కారణాన్ని లోహం మీద చదవగలిగినవాడే నిజమైన సేకర్త.

తప్పుల సేకరణ అజాగ్రత్తను ప్రోత్సహిస్తుందని కొందరి ఆక్షేపణ. తప్పుడు నాణేనికి ధర ఉన్నదంటే కార్మికుడికి దురాశ పుట్టవచ్చునని వారి భయం. ఈ భయం నిరాధారమైనదని అనలేము. అందుకే టంకశాలల్లో తనిఖీ, కాపలా అంత కట్టుదిట్టంగా ఉంటాయి. కాని ఆ భయంతో అసలు విషయాన్ని దాచిపెట్టడం పరిష్కారం కాదు. తెలియని చోటనే వదంతి పెరుగుతుంది. సైఫాబాదులోని పాత టంకశాల భవనంలో 2022లో ప్రదర్శనశాల ఏర్పడడం సంతోషించదగిన విషయం. అటువంటి చోట ముద్రణ దోషం ఎలా కలుగుతుందో, నకిలీ దోషం ఎలా ఉంటుందో పక్కపక్కన చూపే ఏర్పాటు ఉంటే నూరు హెచ్చరికలు చేయలేని పని ఒక్క సందర్శన చేస్తుంది. కళాశాలలు విద్యార్థులను అక్కడికి తీసుకొనిపోవాలి.

సేకరణ ధనార్జనకు దగ్గరి దారి కాదు, చూపుకు శిక్షణ. 1855లో స్వీడన్ దేశంలో నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో అచ్చు కావలసిన ఒక తపాలా బిళ్ళ పసుపుపచ్చ రంగులో అచ్చయింది. ఇంట్లోని పాత ఉత్తరాల మధ్య దానిని కనుగొన్నది ఒక బడిపిల్లవాడు. అతడు దానిని ఏడు క్రోనార్లకు అమ్మివేశాడు. అదే బిళ్ళ 1996లో ఇరవై ఎనిమిది లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. ఆ బాలుడికి ధనం దక్కలేదన్నది నిజమే. కాని అంతకుముందు ఎందరి చేతులో దాటిపోయిన కాగితంలో తేడాను పట్టుకొన్న కళ్ళు అతడివి. చదువు ఇవ్వవలసినది అటువంటి చూపునే.

కనుక చిల్లర చేతికి వచ్చినపుడు నక్షత్రం ఉందేమో చూడండి. సంవత్సరం చదవండి. రెండు ముఖాలూ తిప్పి చూడండి. ఏ దోషమూ కనిపించకపోతే నిరాశపడవలసిన పని లేదు. చర్లపల్లిలో ఎవరో తమ పనిని శ్రద్ధగా చేశారని, ఆ శ్రద్ధ వల్లనే ఆ నాణేన్ని అంగడిలో ఎవరూ శంకించకుండా పుచ్చుకొంటారని గ్రహిస్తే చాలు.