పురుడు పునర్జన్మేనా?

పురుడు స్త్రీకి పునర్జన్మ అని మన పెద్దలు అంటూ వచ్చారు. ఆ మాటలో తల్లి పడే వేదన పట్ల సానుభూతి ఉంది. అయితే ప్రసవ సమయంలో సంభవించే మరణాన్ని విధివ్రాతగా అంగీకరించే ధోరణి కూడా అందులో దాగి ఉంది. ఈ మరణాలలో అధిక భాగం నివారించదగినవేనని చరిత్ర నిరూపించింది.

1900 ప్రాంతంలో ఇంగ్లాండులో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో దాదాపు 150 మంది ఏడాది నిండకుండానే మరణించేవారు. 1904లో హడర్స్‌ఫీల్డ్ పట్టణానికి మేయరైన బెంజమిన్ బ్రాడ్‌బెంట్ ఒక వింత ప్రకటన చేశాడు. లాంగ్‌వుడ్ అనే పేటలో ఆ ఏడాది పుట్టే ప్రతి బిడ్డకు, సంవత్సరం నిండగానే ఒక పౌను బహూకరిస్తానన్నాడు. కానుక స్వల్పమే. కాని దానితోపాటు స్త్రీలు ఇంటింటికీ వెళ్లి బాలింతలకు శిశుపోషణను, పరిశుభ్రతను బోధించారు. అక్కడ శిశుమరణాలు గణనీయంగా తగ్గాయి.

అయినప్పటికీ ఆ దేశంలో తల్లుల మరణాలు 1930ల మధ్య వరకు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. బిడ్డను బతికించడానికి ఇంటిలోని శుభ్రత, తల్లిపాలు చాలావరకు తోడ్పడ్డాయి. తల్లిని బతికించడానికి మాత్రం శిక్షణ పొందిన చేతులు, ప్రసూతి జ్వరాన్ని అణచే మందులు, రక్తం, సకాలంలో వైద్యం అవసరమయ్యాయి.

మన అనుభవమూ ఇదే. 2001-03లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 195 మంది తల్లులు మరణించారు. 2018-20 నాటికి విభజనానంతర ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45కు తగ్గింది. అప్పటి దేశ సగటు 97. 2005లో ఆరంభమైన జననీ సురక్ష యోజన, 108 వాహనాలు, ఆశా కార్యకర్తల శ్రమ ఇందుకు తోడ్పడ్డాయి.

కాని సగటు అందరి కథనూ చెప్పదు. ఎలమంచిలి జాతీయ రహదారిపైన, రైలుమార్గంపైన ఉన్న ఊరు. అక్కడ కాన్పు కష్టమైతే సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని విశాఖపట్నానికి వాహనంలో చేర్చవచ్చు. అక్కడి కింగ్ జార్జి ఆసుపత్రి 1923 నుండి సేవలందిస్తున్నది. పాడేరు మన్యంలో రహదారి లేని కొండవాడ గర్భిణిని డోలీలో మోసుకురావలసి వస్తుంది. 2022 వరకు ఈ రెండు ప్రాంతాలూ ఒకే విశాఖపట్నం జిల్లాలోనివి. ప్రసవానంతర రక్తస్రావం కొద్ది గంటలలోనే ప్రాణం తీయగలదు. డోలీ నడక ఆ వేగాన్ని అందుకోలేదు.

పది ఇళ్ల వాడకు రహదారి వేయడం వ్యర్థవ్యయమని కొందరు వాదిస్తారు. ఆ వాడకు రహదారియే మొదటి ఔషధం. అది పూర్తయ్యేవరకు, నెలలు నిండిన స్త్రీలకు ఆసుపత్రి సమీపంలో వసతి కల్పించడం ప్రభుత్వ ధర్మం.

బాధ్యత ప్రభుత్వానిది మాత్రమే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన రాష్ట్రంలో 20-24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్లు నిండకముందే వివాహమైంది. 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. ఎదగని దేహం, చాలని రక్తం ప్రసవాన్ని ప్రాణాపాయంగా మారుస్తాయి. ఆ ప్రమాదం ఆసుపత్రిలో కాదు, ఇంటిలోనే మొదలవుతుంది. ఆడపిల్ల చదువును మధ్యలో మాన్పించి పెళ్లి నిశ్చయించే పెద్దలను ప్రశ్నించడం కూడా ప్రాణరక్షణమే. ఆ ప్రశ్న వేయవలసిన వయస్సు నేటి విద్యార్థులదే.