లాస్‌లెస్ వచ్చింది సరే, పోయిన పాటల సంగతేంటి?

2021 జూన్‌లో ఆడియో లోకంలో ఒకటే జపం: లాస్‌లెస్. అదనంగా పైసా తీసుకోకుండా 7.5 కోట్లకు పైగా పాటల్ని క్వాలిటీ తగ్గించకుండా వినిపిస్తామని ఆ ఏడాది మే 17న ఆపిల్ ప్రకటించింది. 59,900 రూపాయలు పెట్టి కొన్న ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ కూడా దాన్ని పూర్తిగా అందుకోలేదని తెలిశాక రచ్చ ఇంకాస్త పెరిగింది. 16 బిట్టా, 24 బిట్టా, చెవికి తేడా తెలుస్తుందా లేదా అని గ్రూపుల్లో అర్ధరాత్రి దాకా వాదనలు.

వాదించుకోండి, తప్పు లేదు. నాకూ ఆ సరదా ఉంది. కానీ 2020 మార్చి నుంచి ఆ 15 నెలల్లో మనకు నిజంగా దూరమైనవి వేరే ఉన్నాయి. ఊరికే బయట తిరిగేటప్పుడు, వెతక్కుండానే చెవిన పడే పాటలు. ఆ లాస్‌ని ఏ ఫైల్ ఫార్మాటూ పూడ్చలేదు.

షాజామ్ లిస్టే సాక్ష్యం

మీ ఫోన్‌లో షాజామ్ ఉంటే పాత లిస్టు తెరిచి డేట్లు చూడండి. పాటల లిస్టు అనుకుంటాం గానీ, అది మనం ఎక్కడెక్కడ తిరిగామో చెప్పే డైరీ. నాది అనంతపురం. నా లిస్టులో 2019 ఇలా ఉంటుంది: టవర్ క్లాక్ దగ్గర ఎక్కిన షేర్ ఆటోలో ఒక పాత ఇళయరాజా పాట. రాయదుర్గంలో టీ అంగడి ముందు రాజ్‌కుమార్ పాడిన కన్నడ పాట. ధర్మవరంలో అమ్మతో చీరల షాపుకి పోతే అక్కడ మోగుతున్న ఖవ్వాలీ. 2020 మార్చి తర్వాత ఏడాది మొత్తానికి నాలుగే ఎంట్రీలు. నాలుగూ ఇంట్లో టీవీ నుంచి పట్టుకున్నవే.

బెంగళూరు నుంచి ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఊళ్లకు వచ్చేసిన వర్క్ ఫ్రమ్ హోమ్ ఫ్రెండ్స్‌ది కూడా ఇదే కథ. ఆ రోజుల్లో పాటలు ఎక్కువే విన్నాం. కొత్తగా దొరికినవి మాత్రం తక్కువ.

అల్గోరిదమ్‌కి తెలిసింది మన గురించే

"యాప్ రోజూ కొత్త పాటలు ఇస్తోంది కదా" అంటారా? ఇస్తోంది. ఎలా ఇస్తోందో చూడండి. మీరు విన్నవి, స్కిప్ చేసినవి లెక్కేసుకుంటుంది. మీలాంటి టేస్ట్ ఉన్నవాళ్లు ఏం విన్నారో చూస్తుంది. వాళ్లు విని మీరు వినని పాట మీ ముందు పెడుతుంది. అంటే కొత్త పాట కూడా మన పాత ఇష్టాల దగ్గర్నుంచే బయల్దేరుతుంది. పైగా కొన్ని యాప్‌లు ఇన్‌స్టాల్ చేయగానే ఏ భాషలు కావాలో అడుగుతాయి. నేను తెలుగు, హిందీ టిక్ చేశాను. ఇక కన్నడ పాట నా దారికి ఎందుకొస్తుంది? అదే రాయదుర్గం, మడకశిర వైపు వెళ్తే ఎవరూ ఏ బాక్సూ టిక్ చేయమని అడగరు. బజారులో రెండు భాషలూ వినబడతాయి, పాటలూ అంతే.

షేర్ ఆటో అన్నకు నా టేస్ట్‌తో పని లేదు. ఆయనకు నచ్చింది పెడతాడు. స్కిప్ బటన్ నా చేతిలో ఉండదు. పల్లవి నచ్చకపోయినా దిగే దాకా వినాల్సిందే. రెండో చరణానికి వచ్చేసరికి పాట పట్టేస్తుంది. యాప్‌లో అయితే పది సెకన్లలో దాటేసేవాణ్ని. అవతలి మనిషి ఎంపిక మన మీద పడటం, మనం తప్పించుకోలేకపోవడం, కొత్త సంగీతం దొరకడానికి అసలు కారణం ఇదే.

షాజామ్ కూడా చేతులెత్తేసే పాటలు

షాజామ్ పాటను గ్రాఫ్‌లా మార్చి, అందులో గట్టిగా ఉన్న శబ్దాల పాయింట్లను వేలిముద్రలా తీసుకుంటుంది. సర్వర్‌లో ఉన్న రికార్డింగ్‌ల వేలిముద్రలతో పోలుస్తుంది. మ్యాచ్ అయితే పేరు చెప్తుంది. కాబట్టి పాట రికార్డై ఉండాలి, మోగేది ఆ రికార్డింగే అయ్యుండాలి. గూగుల్ 2020 అక్టోబర్‌లో తెచ్చిన హమ్ ఫీచర్ కూనిరాగాన్ని కూడా గుర్తుపడుతుంది. అయితే దానికీ పోల్చుకోవడానికి ఆ పాట ముందే తెలిసుండాలి.

ఇప్పుడు మా సీమ సంగతి చూడండి. గుడి ముందు చెక్క భజన, ఊరి దేవత జాతరలో మేఘం ఉరిమినట్టు మోగే ఉరుముల వాయిద్యం, రాత్రంతా సాగే తోలుబొమ్మలాట. ఇవన్నీ అక్కడికక్కడ పాడేవి. మనిషిని బట్టి, రాత్రిని బట్టి మారిపోతాయి. వీటిని వినే దారి ఒక్కటే, ఆ టైముకి అక్కడ ఉండటం.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలాటకు పేరున్న ఊరు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020 జనవరిలో పద్మశ్రీ ప్రకటించారు. 2021 జూన్ నాటికి ఏడాదిన్నర కావస్తున్నా, కోవిడ్ వల్ల ఆ అవార్డు ప్రదానోత్సవమే జరగలేదు. పద్మశ్రీ పరిస్థితే ఇలా ఉంటే, పల్లెల్లో తెర కట్టి ఆడేవాళ్ల గురించి చెప్పేదేముంది?

రెండు వేసవులు

ప్రాణాలు పోతున్న రోజుల్లో పాటల గోలేంటని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కర్ఫ్యూ పెట్టడం తప్పని నేననడం లేదు. కానీ పోయింది వినేవాళ్ల సరదా ఒక్కటే కాదు కదా.

మాది వాన మీద బతికే నేల. శెనక్కాయ పంట ఇంటికొచ్చాక, మళ్లీ జూన్‌లో వాన పడే దాకా మెట్ట చేలల్లో పెద్దగా పని ఉండదు. అందుకే పెండ్లిళ్లు, జాతరలు, నాటకాలు ఎక్కువగా ఆ నెలల్లోనే. బ్యాండ్ మేళం వాళ్లకు, భజన గురువులకు, బొమ్మలాట వాళ్లకు ఏడాది సంపాదనలో పెద్ద భాగం అప్పుడే. 2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది సరిగ్గా ఆ రోజే. 2021లో ఉగాది అయ్యాక మూడు వారాలకే, మే 5 నుంచి మధ్యాహ్నం 12 దాటితే కర్ఫ్యూ. వరసగా రెండు సీజన్లు పోయాయి. మన యాప్ సబ్‌స్క్రిప్షన్ డబ్బులో వాళ్లకు చేరేది సున్నా, ఎందుకంటే వాళ్ల పాట యాప్‌లోనే లేదు.

మరి ఇప్పుడేం చేద్దాం?

2021 జూన్‌లో కర్ఫ్యూ సడలింపు సాయంత్రం 6 దాకా వచ్చింది. గుంపుల్లోకి పొమ్మని చెప్పను. మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి, మీ ఫోన్‌లో ఎఫ్ఎం రేడియో ఉందేమో చూడండి. చాలా బడ్జెట్ ఫోన్లలో ఉంటుంది. వైర్ ఇయర్‌ఫోన్ పెడితే అదే యాంటెనా, డేటా ఖర్చు కాదు. ఆకాశవాణి అనంతపురం పెట్టుకోండి. తర్వాతి పాట ఏంటో మీకూ తెలీదు, మీ ఫోన్‌కీ తెలీదు. లక్ష రూపాయల ఫోన్‌లో ఈ చిన్న సౌకర్యం ఉండదు. మనలాంటి రివ్యూ సైట్లు కూడా స్పెసిఫికేషన్ల పట్టికలో ఎఫ్ఎం లైన్ తీసేయకుండా ఉంటే బాగుంటుంది.

రెండు, నాయిస్ క్యాన్సిలేషన్‌కి మార్కులు వేసే మనం, యాంబియంట్ మోడ్‌ని కూడా అంతే సీరియస్‌గా టెస్ట్ చేద్దాం. బండి దిగి నడిచేటప్పుడు ఒక చెవి ఖాళీగా వదలండి.

మూడు, మీ ఊళ్లో భజన పాడే పెద్దాయన ఉంటే అడిగి, ఒప్పుకుంటే ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఆయన పేరు, పాట పేరు, ఊరు, తేదీ ఫైల్‌కి పెట్టండి. ఫోన్ నంబర్ కూడా తీసుకోండి. రేపు ఇంట్లో ఫంక్షన్ వస్తే డీజే కంటే ముందు ఆయనకు ఫోన్ చేయండి. అడ్వాన్స్ ఇవ్వడం మర్చిపోవద్దు.

వానలు రాకపోతే విరాటపర్వం ఆడించడం మా వైపు పాత ఆచారం. ఈసారి ఎక్కడైనా తెర కడుతున్నారని తెలిస్తే పోయి కూర్చోండి. ఆ రాత్రి షాజామ్ "నో రిజల్ట్" అని చూపిస్తే సంతోషించండి. యాప్‌లో లేని పాట మీకు దొరికినట్టే.