అద్దెకు బోయిన యోగ్యత

మన పట్టణములలో మందుల దుకాణమునకు బోయినవారికి గోడపై అద్దపు చట్రములో నొక ధ్రువపత్రము కానవచ్చును. అందు పేరున్న ఫార్మసిస్టు కొన్ని తావుల దుకాణములో నుండడు. వేఱొక యూర వేఱొక కొలువు చేయుచుండును. పత్రము మాత్రము నెలనెల అద్దె దెచ్చుచుండును. వైద్యుని చీటీ చదివి మందు తీసి యిచ్చునది పదవ తరగతితో చదువు మానిన కుఱ్ఱవాడు. ఈ యాచారము వర్తకులకు గొత్త గాదు. తనిఖీదారులకును గొత్త గాదు.

1948వ సంవత్సరపు ఫార్మసీ చట్టము 42వ సెక్షను ననుసరించి వైద్యుని చీటీపై మందిచ్చుట రిజిస్టరైన ఫార్మసిస్టునకే చెల్లును. మందు మాఱిన ప్రాణము పోవచ్చును గనుక నీ కట్టుబాటు న్యాయమే. అనుజ్ఞ లేనివానికి ద్వారము మూసినపుడు అనుజ్ఞ గలవాని జీతము హెచ్చుట సహజము. అది యతని రెండేండ్ల డిప్లొమా చదువునకును 500 గంటల శిక్షణకును ప్రతిఫలమని సమాధానపడవచ్చును. కాని పత్రము మనుష్యుని విడిచి యొంటరిగా గోడ నెక్కినపుడు లెక్క తాఱుమాఱగుచున్నది. పత్రపు టద్దెయు కుఱ్ఱవాని కూలియు గలిపినను ఫార్మసిస్టు జీతముకన్న దక్కువ. కానిచో యజమాని యీ త్రోవ ద్రొక్కనేల? దినమంతయు నిలిచి పనిచేయ వచ్చిన ఫార్మసిస్టు తన తోటివాని యద్దెతో బోటీపడవలసి వచ్చినది. తగిన జీతము దొరకక తానును పద్దులు వ్రాయు కొలువునకో, కంప్యూటరు ముందరి కొలువునకో పోవును. చదివిన చదువున కచట వెల లేదు. పిమ్మట తన పత్రమునుగూడ నద్దె కిచ్చును. నేరమే, కాని జాలిగొలుపు నేరము.

ఇక కుఱ్ఱవాని మాట. పదియేండ్లు మందుల నడుమ మెలగినను శాసనము దృష్టిలో నతడు నిన్న చేరినవానితో సమానుడు. డిప్లొమాకు బోవలెనన్న ఇంటర్మీడియటు సైన్సు గావలయును. రెండేండ్ల కూలి వదులుకొనవలయును. 1948 నాటి శాసనకర్త లింత కఠినులు గారు. తొలి రిజిస్టరు తయారు చేయునపుడు, వైద్యశాలలలో మందులు కలుపు పనియం దైదేండ్లు గడపినవారికిని 31వ సెక్షను చోటిచ్చినది. ఆ వాకిలి యథాతథముగా దెఱువుమని మేము కోరము. నేటి మందులు నాటి మిశ్రమములు గావు. పనిచేయుచునే చదివి పరీక్షకు గూర్చుండు మార్గమును, అంగడి యనుభవమునకు శిక్షణలో గొంత లెక్కయు, ఈ మాత్రమైనను ఫార్మసీ కౌన్సిలు కల్పింపరాదా?

అధికారులును గోడమీది పటము చూచి పోవుటతో సరిపెట్టరాదు. ఆ పేరుగలవాని జీతపు పద్దును హాజరు పుస్తకమును జూపుమని యడిగినచో, ఏ దుకాణములో నెవరు పనిచేయుచున్నారో ఆనాడే తేలును.