ఎర్రగాజులు తీయను

రాచర్లలో మా ఇంటి గోడమీద అవ్వ ఫొటో అద్దానికి ఇప్పుడు బొట్టుంది. ఇరవై ఎనిమిదేళ్లకే భర్త పోయిన మనిషి. బతికినన్నాళ్లూ ఆమె నుదుటికి దొరకని కుంకుమ, చచ్చిపోయాక అద్దానికి దొరికింది. ముత్తయిదువుగా పోయిన ఆడదాన్ని పేరంటాలని గుడి కట్టి మొక్కిన సమాజం మనది. వితంతువుగా బతికినదానికి చిన్న గూడైనా లేదు.

అందుకే ఆమెకొక గూడు చేశాను. పాత చెక్కపెట్టెను నిలబెట్టి, లోపలంతా పలకరాయి ముక్కలు అతికించాను. మార్కాపురం పలకలు దేశంలో ఎన్నో బళ్లకు వెళ్లిన రోజుల్లోనూ, ఆ పక్కనే పుట్టిన అవ్వ చేతికి పలక రాలేదు. నడిమధ్యన ఏమీ రాయని పలకొకటి పెట్టాను. ఆమె కళ్లజోడు, చాట ముక్క, మందుబిళ్లల ఖాళీ అట్ట, ట్రంకుపెట్టె అడుగున దాచుకున్న రెండు ఎర్రగాజులు దాని చుట్టూ చేర్చాను.

నమూనా మెక్సికోది. నవంబరు 1, 2 తేదీల్లో అక్కడ చనిపోయినవాళ్ల కోసం బంతిపూలు, కొవ్వొత్తులు, వాళ్లకిష్టమైన తిండి, ఫొటోలు పెట్టి ఇంట్లో ‘ఒఫ్రెండా’ అమరుస్తారు. అమెరికాలో మెక్సికన్ మూలాలున్న కళాకారిణి అమాలియా మేసా-బెయిన్స్ 1984లో నటి డొలోరెస్ డెల్ రియో కోసం అలాంటిదే చేసింది. ఇళ్లలో స్త్రీలు చేసే ఈ కళకు ‘డొమెస్టికానా’ అని పేరూ పెట్టింది.

నా గూడు చూసినవాళ్లు రెండు మాటలన్నారు.

ఒకటి: ఇది శిల్పం కాదు, బొమ్మలకొలువు. కావచ్చు. మెట్లు కట్టి, ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలో తేల్చుకుని, ఏటా ఒక లోకాన్ని నిలబెట్టే ఆ పనిని మీరు పేరంటం కింద జమకట్టారు. అదే పని గ్యాలరీలో చేస్తే ఇన్‌స్టలేషన్ అంటున్నారు. అయితే కొలువుతో నాకూ తగాదా ఉంది. ఆ పేరంటానికి అవ్వకు ఎన్నడూ పిలుపు రాలేదు. పిలవనిది మగవాళ్లు కాదు, మనమే. స్త్రీల కళ అని మురిసిపోయే ముందు ఆ గడప దగ్గర ఎవర్ని ఆపామో చెప్పుకోవద్దా?

రెండు: మనకు లేవా, మెక్సికో దేనికి? గుమ్మానికి కట్టే బంతిపూలూ, పచ్చడి నూరే మిరపకాయలూ పుట్టింది అక్కడే. వాటిని తెచ్చుకోవడానికి అడ్డురాని సంప్రదాయం, అవ్వకు గూడు కట్టేసరికి గుర్తొచ్చిందా?

సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేచోట ఈ గూడు ఉంచుతానన్నాను. ఎర్రగాజులు తీసేస్తే ఉంచుకోవచ్చన్నారు ఇంట్లో.

తీయను.